చుక్కకు అటూ ఇటూ

మీ ఇంట్లో పెట్టె అడుగున భద్రంగా దాచిన పట్టాదారు పాసు పుస్తకం ఉందా? ఉంటే పెద్దవాళ్ళనడిగి ఒకసారి చేతిలోకి తీసుకోండి. (చేతులు కడుక్కుని మరీ!) అందులో సర్వే నంబరు పక్కన విస్తీర్ణం అనే గడి కనబడుతుంది. ఆ గడిలో 2.20 అని ఉందనుకుందాం. అది ఎంత భూమి?

ఇంత సులువైన ప్రశ్న అడుగుతారా అని నవ్వుకోకండి. ముందు ఈ చిన్న కథ వినండి.

తాండూరు దగ్గర ఒక పల్లె. ఆ ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. వాళ్ళ తాతకు చదువు రాదు. ఒకనాటి సాయంత్రం ఆయన పాసు పుస్తకం తెచ్చి మనవరాలి ముందు పెట్టాడు.

"బిడ్డా, మన చేను ఎకరానికి పది లక్షల చొప్పున అడుగుతున్నరు. మొత్తం ఎంతైతదో జర లెక్క చెయ్యి."

అమ్మాయి పుస్తకంలో చూసింది. 2.20 అని ఉంది. కాగితం మీద 2.20ని 10,00,000తో హెచ్చవేసింది. "ఇరవై రెండు లక్షలు తాతా" అంది.

తాత కాసేపు ఆలోచించాడు. "అదేంది బిడ్డా, మనది రెండున్నర ఎకరాలు. రెండెకరాలకు ఇరవై లక్షలు, అర ఎకరానికి అయిదు లక్షలు. ఇరవై అయిదు కావాలె గదా?"

"పుస్తకంలో 2.20 ఉంది తాతా. లెక్క సరిగ్గానే చేసిన."

నిజమే, ఆ అమ్మాయి గుణకారంలో ఒక్క తప్పు లేదు. కాలిక్యులేటరు మీద వేసినా 22 లక్షలే వస్తుంది. మరి తాత మాట తప్పా? కాదు. తాత చెప్పిందే నిజం. అయితే ఆ మూడు లక్షలు ఎక్కడికి పోయాయి?

చుక్కలోకి పోయాయి!

అదెలాగో తెలియాలంటే మనం మొదటి తరగతిలో నేర్చుకుని, నేర్చేసుకున్నాం కదా అని వదిలేసిన ఒక సంగతిని మళ్ళీ తవ్వి తీయాలి. అదే స్థాన విలువ.

2011 జనాభా లెక్కల ప్రకారం, ఇప్పుడు వికారాబాదు జిల్లాగా ఉన్న ప్రాంతంలో (ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది) 9,27,140 మంది ఉన్నారు. ఈ సంఖ్యలో 9 ఉంది, 7 ఉంది. తొమ్మిది ఏడు కన్నా రెండే ఎక్కువ. కాని ఈ సంఖ్యలో 9 తొమ్మిది లక్షల మంది, 7 ఏడు వేల మంది! ఆ అంకె తనంతట తాను ఎంత అనేది ఒక సంగతి, ఎక్కడ కూర్చుంది అనేది మరో సంగతి. ఊళ్ళో మామూలు మనిషిగా ఉన్నవాడే సర్పంచు కుర్చీలో కూర్చుంటే మాటకు విలువ పెరుగుతుంది చూడండి, అలాగన్నమాట. మనిషి మారలేదు, కుర్చీ మారింది.

ఇక చివర ఉన్న సున్న. దాని విలువ ఏమీ లేదు. అయినా దాన్ని తీసేసి చూడండి. 92,714 అవుతుంది. జిల్లా జనాభా ఒక్కసారిగా పదో వంతుకు పడిపోతుంది! ఏమీ లేని సున్న మిగిలిన అంకెలన్నిటినీ వాటి వాటి కుర్చీల్లో నిలబెట్టి ఉంచింది. ఒకట్ల కుర్చీ ఖాళీ అని చెప్పడమే దాని ఉద్యోగం.

కుర్చీల వరుసకు ఒకటే సూత్రం ఉంది. ఎడమకు ఒక్కొక్క అడుగు జరిగితే విలువ పది రెట్లు అవుతుంది. ఒకట్లు, పదులు, వందలు, వేలు... ఈ సూత్రం మన దేశంలో పుట్టి, అరబ్బుల ద్వారా యూరప్ చేరిందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. అయితే మన తాండూరుకు ఈ కథలో ఒక భాగం ఉందని మీకు తెలుసా?

వికారాబాదు అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుందని అందరికీ తెలుసు. మూసీ తూర్పుకు, హైదరాబాదు వైపు వెళుతుంది. అదే వైపు కొండల్లోంచి కాగ్నా అనే మరో నది పడమటికి వెళుతుంది. తాండూరు పక్కగా పారి, కర్ణాటకలో ప్రవేశించి, కాగిణా అనే పేరుతో ముందుకు సాగి భీమా నదిలో కలుస్తుంది. దారిలో దాని ఒడ్డున మల్ఖేడ్ అనే ఊరుంది. తాండూరు నుంచి వాడీ వైపు రైల్లో వెళ్ళేవారు మల్ఖేడ్ రోడ్ అనే చిన్న స్టేషను చూసే ఉంటారు. చాలామంది దాన్ని చూసి కూడా పట్టించుకోరు. కాని పన్నెండు వందల సంవత్సరాల కిందట అది మాన్యఖేటం. రాష్ట్రకూట చక్రవర్తుల రాజధాని!

అక్కడ తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్ష నృపతుంగుడు పరిపాలించాడు. ఆయన కాలంలో, సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణితసార సంగ్రహం' అనే గ్రంథం రాశాడు. గ్రంథం మొదట్లో అమోఘవర్షుణ్ణి పొగిడాడు కాబట్టి ఆయన ఆ రాజు ఆదరణలో ఉండేవాడని చరిత్రకారులు అంటారు. అప్పటిదాకా మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒక అధ్యాయంగా ఉండేది. గ్రహాలూ నక్షత్రాలూ లేకుండా గణితం కోసమే ఒక పూర్తి పుస్తకం రాసిన తొలి వాళ్ళలో మహావీరుడు ఒకడు. తరువాత దీన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో మనకు తెలిసిన మొదటి గణిత గ్రంథం అదే.

ఇంతకూ ఆ పుస్తకంలో ఏముంది? స్థానాల పేర్లున్నాయి. ఏకం, దశ, శతం, సహస్రం అని మొదలుపెట్టి మహాక్షోభం వరకు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు చెప్పాడు. మహాక్షోభం అంటే 1 పక్కన 23 సున్నలు. అంత పెద్ద సంఖ్యతో ఆనాడు ఏం కొలిచారు అని అడక్కండి. కుర్చీల వరుస ఎక్కడా ఆగదని చూపించడమే ఆయన సరదా అయి ఉంటుంది. ఆయనకు సరదా ఉందనడానికి సాక్ష్యం కూడా ఉంది. కొన్ని గుణకారాలు చేయించి, వచ్చిన జవాబును హారంతో పోల్చాడు. మీరూ చేసి చూడండి:

152207 × 73 = 11111111

142857143 × 7 = 1000000001

మొదటిది ఎనిమిది ముత్యాల హారం. రెండోది రెండు చివరలా రెండు పూసలు, మధ్యలో అంతా సున్నలు. స్థానాలు లేకుంటే ఈ అందం లేదు. రోమను అంకెల్లో దీన్ని రాసి చూడండి, అందం మాట అటుంచి, చెయ్యి నొప్పి పుడుతుంది. (రెండో గుణకారాన్ని గుర్తు పెట్టుకోండి. అందులోని 142857 మళ్ళీ మనకు ఎదురవుతుంది.)

మహావీరుడంతటి వాడు కూడా ఒకచోట తప్పటడుగు వేశాడు. ఏ సంఖ్యనైనా సున్నతో భాగిస్తే అది మారదు అన్నాడు. అది సరి కాదని మీ లెక్కల మాస్టారు చెబుతారు. సున్నను ఎలా పట్టుకోవాలో పెద్దపెద్ద పండితులకే చాలాకాలం చిక్కలేదు. కాబట్టి మీకు ఒకసారి తప్పితే సిగ్గుపడవలసిన పని లేదు.

ఇప్పుడు ఒక ఆలోచన. ఎడమకు పోతే పది రెట్లు అన్నాం. మరి కుడికి వస్తే? పదో వంతు అవుతుంది. వేల నుంచి కుడికి వస్తే వందలు, వందల నుంచి పదులు, పదుల నుంచి ఒకట్లు. ఒకట్ల దగ్గర ఎందుకు ఆగాలి? ఒకటిలో పదో వంతు, అందులో మళ్ళీ పదో వంతు అంటే నూరో వంతు, ఆ తరువాత వెయ్యో వంతు... ఇలా కుడికి కూడా కుర్చీలు వేసుకుంటూ పోవచ్చు కదా?

పోవచ్చు. కాని ఒక ఇబ్బంది వస్తుంది. 275 అని రాస్తే ఒకట్ల కుర్చీ ఏది? చివరిదేనా, మధ్యదా? అది తెలియడానికే చుక్క. 27.5 అంటే చుక్కకు వెంటనే ఎడమన ఉన్న 7 ఒకట్లది. అంతే! దశాంశ బిందువు చేసే పని అదొక్కటే. "ఒకట్లు ఇక్కడ" అని వేలు చూపిస్తుంది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. చుక్కకు ఎడమ ఒకట్లు, పదులు, వందలు అని వరుస ఉంది కాబట్టి కుడివైపు కూడా "ఒకటో వంతులు" ఉండాలి కదా, మొదటి స్థానమే పదో వంతులేమిటి అని తికమక పడతారు. ఒకటో వంతు అంటే ఒకటే! వరుసకు నడిమధ్యన ఉన్నది చుక్క కాదు, ఒకట్ల స్థానం. దానికి ఎడమన పదులుంటే కుడిన పదో వంతులు. ఎడమన రెండో ఇంట్లో వందలుంటే కుడిన రెండో ఇంట్లో నూరో వంతులు. చుక్క ఒకట్ల ఇంటికి కట్టిన తోరణం అనుకోండి.

ఇంత చిన్న ఆలోచన రావడానికి వందల ఏళ్ళు పట్టింది. పెద్ద సంఖ్యలకు ఇరవై నాలుగు పేర్లు పెట్టిన మహావీరుడు కూడా ఒకటికి తక్కువైన వాటిని మామూలు భిన్నాలుగానే రాశాడు. 952 ప్రాంతంలో డమాస్కసులో అల్ ఉక్లిదిసీ అనే ఆయన ఈ దారి పట్టాడు. 1427లో సమర్ఖండులో అల్ కాషీ ఈ పద్ధతిని చక్కగా వివరించాడు. 1585లో సైమన్ స్టెవిన్ అనే డచ్చి ఇంజనీరు వర్తకులకూ, భూమి కొలిచేవారికీ ఉపయోగపడాలని ఒక చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. నాణాలూ తూకాలూ కొలతలూ అన్నీ పదుల్లోనే ఉండాలని ఆయన అందులో వాదించాడు.

మన తెలుగు కరణాలు ఊరుకున్నారా? లేదు. వాళ్ళకు ఒక చక్కని పద్ధతి ఉండేది. అది పదుల మీద కాదు, నాలుగుల మీద నడిచేది. ఒకటిని నాలుగు భాగాలు చేస్తే పావు. పావును మళ్ళీ నాలుగు చేస్తే వీసం, అంటే పదహారో వంతు. దాన్ని మళ్ళీ నాలుగు చేస్తే అరవై నాలుగో వంతు. చుక్క బదులు వాళ్ళు గీతలు వాడారు. పావుల ఇంట్లో నిలువు గీతలు, వీసాల ఇంట్లో అడ్డగీతలు, ఆ తరువాతి ఇంట్లో మళ్ళీ నిలువు గీతలు. ఒకటి, రెండు లేదా మూడు గీతలు. నాలుగో గీత ఎందుకు లేదో చెప్పగలరా? నాలుగైతే పక్క ఇంట్లో ఒకటిగా మారిపోతుంది, మన లెక్కలో పది ఒకట్లు ఒక పది అయినట్టే.

మరి నిలువు గీతల ఇల్లు ఖాళీ అయితే? అక్కడ హళ్ళి అనే గుర్తు వేసేవారు. అడ్డగీతల ఇల్లు ఖాళీ అయితే మామూలు సున్న. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అని మీ అమ్మమ్మ అనగా వినే ఉంటారు. ఆ మాటలో ఉన్న హళ్ళి ఇదే. ఈ గుర్తులు ఇప్పుడు కంప్యూటర్ల యూనికోడ్ పట్టికలో కూడా తెలుగు అక్షరాల పక్కన చోటు సంపాదించుకున్నాయి.

ఈ నాలుగుల లెక్క అప్పటి డబ్బుకు సరిగ్గా సరిపోయేది. రూపాయికి పదహారణాలు కదా! మూడు రూపాయల ఆరణాలు రాయాలంటే 3 వేసి, ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు. ఒక పావు (నాలుగణాలు), రెండు వీసాలు (రెండణాలు). ఎంత తేలిక!

ఆ రోజుల్లో వికారాబాదు, తాండూరు నిజాం రాజ్యంలో ఉండేవి. అక్కడ చెల్లే డబ్బు హాలీ సిక్కా. బయటి భారతదేశపు రూపాయిని కల్దారు అనేవారు. 1950ల తొలినాళ్ళలో రెండూ చెల్లేవి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు. అంటే ఒక హాలీ రూపాయి ఆరు బై ఏడు కల్దారు. దాన్ని భాగించి చూడండి: 0.857142857142... ఎంత దూరం భాగించినా తెగదు. ఒకటిని ఏడుతో భాగిస్తే 0.142857142857... వస్తుంది. చూశారా, మహావీరుడి హారంలోని అంకెలే! అది యాదృచ్ఛికం కాదు. ఎందుకో మీరే ఆలోచించండి.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అంతవరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. సరిగ్గా అయిదు నెలలకు, 1957 ఏప్రిల్ 1న, దేశమంతటా కొత్త నాణాలు వచ్చాయి. రూపాయికి నూరు నయా పైసలు. స్టెవిన్ కోరిన పని 372 సంవత్సరాలకు మన తాండూరు బజారులో జరిగింది!

కాని మారిన రోజుల్లో తిప్పలు తప్పలేదు. ఒక అణాకు ఎన్ని నయా పైసలు? నూరును పదహారుతో భాగిస్తే 6.25. పైసాలో పావు భాగం ఎవరి జేబులోనూ ఉండదు. అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేశారు. ఒక గడుసు పిల్లవాడి లెక్క చూడండి. రూపాయిని ఒకేసారి మార్చుకుంటే నూరు పైసలు. పదహారు అణాలను ఒక్కొక్కటిగా పదహారు సార్లు మార్చుకుంటే 16 × 6 = 96 పైసలే. నాలుగు పైసలు గాలిలో కలిసిపోయాయి. పావు పైసా అని తీసిపారేసినది పదహారు సార్లకు నాలుగు పైసలయింది.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి వెళదాం. పాపం, పాసు పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.

డబ్బు పదుల్లోకి మారింది. తూకం కిలోల్లోకి మారింది. దూరం కిలోమీటర్లలోకి మారింది. కాని మన పొలాలు మారలేదు! ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. 40 × 121 = 4,840 చదరపు గజాలు, అదే ఎకరం. రికార్డులో 2.20 అని రాస్తే రెండు ఎకరాల ఇరవై గుంటలు అని అర్థం. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలనూ గుంటలనూ వేరు చేసే గోడ మాత్రమే! ఇరవై గుంటలంటే నలభైలో ఇరవై, అంటే సగం. కాబట్టి దశాంశంలో అది 2.5 ఎకరాలు. తాత చెప్పిన రెండున్నర అదే. పెద్దాయనకు చుక్క తెలియదు కాని, చేను తెలుసు.

ఈ గోడ చుక్కను గుర్తుపట్టే ఉపాయం చెబుతాను. దశాంశంలో చుక్క తరువాత 99 దాకా వెళ్ళి, ఆ తరువాత పక్క ఇంట్లోకి ఒకటి చేరుతుంది. ఎకరాల లెక్కలో 39 దాకా వెళ్ళి, అక్కడే ఒకటి చేరుతుంది. 2.39కి ఒక గుంట కలిపితే 2.40 కాదు, 3.00! రికార్డులో ఎవరైనా 1.55 అని రాస్తే అది తప్పని చూడగానే చెప్పవచ్చు. యాభై అయిదు గుంటలు అనేది ఉండదు. అది 2.15 కావాలి.

గుంటలను నిజమైన దశాంశంలోకి మార్చాలంటే 40తో భాగించాలి. ఒక గుంట 0.025 ఎకరం. పది గుంటలు 0.25, పదిహేను గుంటలు 0.375. ఎన్ని గుంటలు తీసుకున్నా చుక్క తరువాత మూడు అంకెల్లో తెగిపోతుంది. ఎందుకంటే 1,000ని 40 సరిగ్గా భాగిస్తుంది. అంగుళాలకు ఆ భాగ్యం లేదు. అడుగుకు 12 అంగుళాలు, ఒక అంగుళం 0.08333... అడుగు, ఎక్కడా తెగదు. పదిని, వందను, వెయ్యిని, వాటి తరువాత ఏ కుర్చీని తీసుకున్నా 12 సరిగ్గా భాగించదు, 7 కూడా భాగించదు. పదిలో ఉన్నవి 2, 5 మాత్రమే. మూడూ ఏడూ అందులో లేవు. హాలీ రూపాయి తెగకపోవడానికీ అదే కారణం.

అంగుళాల మాట వచ్చింది కాబట్టి, తాండూరు బండల దుకాణానికి వెళ్ళినప్పుడు జాగ్రత్త. మేస్త్రీ చిట్టీ మీద 10.6 అని రాస్తే పది అడుగుల ఆరు అంగుళాలు, అంటే పదిన్నర అడుగులు. 10.11 అని రాస్తే పది అడుగుల పదకొండు అంగుళాలు. మేస్త్రీ లెక్కలో 10.11 పెద్దది, 10.6 చిన్నది. మీ లెక్కల పుస్తకంలో 10.6 పెద్దది, 10.11 చిన్నది! ఇద్దరూ తప్పు చేయలేదు. ఇద్దరి చుక్కలూ వేరు. రైల్వే టైంటేబుల్లో 4.30 అంటే నాలుగున్నర గంటలే కదా, నాలుగూ పదింట మూడు వంతులు కాదు కదా. అదీ ఇలాంటిదే.

మీ ఇంట్లోనో బడిలోనో నేల మీద చదరంగా ఉన్న తాండూరు బండ దొరుకుతుందా? సుద్దముక్క తీసుకోండి. బండ మొత్తం ఒకటి అనుకుని, నిలువుగా పది సమాన పట్టీలుగా గీయండి. ఒక్కో పట్టీ 0.1. ఇప్పుడు అడ్డంగా కూడా పది భాగాలు గీయండి. నూరు చిన్న గడులు వస్తాయి. ఒక్కో గడి 0.01. ఇప్పుడు చెప్పండి, 0.8 పెద్దదా, 0.35 పెద్దదా? "35 పెద్దది, 8 చిన్నది" అని మనసు తొందరపెడుతుంది. బండ మీద రంగు వేసి చూడండి. 0.8 అంటే ఎనిమిది నిండు పట్టీలు, అంటే ఎనభై గడులు. 0.35 అంటే మూడు పట్టీలూ, అయిదు గడులూ. బండ మీద సగం కూడా నిండలేదు! అంకెలు ఎన్ని ఉన్నాయి అని కాదు, మొదటి కుర్చీలో ఎవరున్నారు అని చూడాలి. 0.8నే 0.80 అని రాసుకుంటే పోలిక ఇంకా తేలిక. చివర సున్న పెట్టినందువల్ల ఏ అంకె కుర్చీ కదల్లేదు కాబట్టి విలువ మారదు. కాని చుక్కకూ అంకెకూ మధ్య సున్న పెడితే మాత్రం కుర్చీ కదిలిపోతుంది. 0.08 అంటే ఎనిమిది గడులే. (పని అయ్యాక బండ తుడవడం మరచిపోకండి.)

ఈ మధ్య సున్న ఎంత ఖరీదైనదో మార్కెట్టు యార్డులో తెలుస్తుంది. తాండూరు కందులకు పేరుంది. 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2024-25లో కందులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. క్వింటాలంటే నూరు కిలోలు. కిలోకు ఎంత? నూరుతో భాగించాలి. చాలామంది "చుక్కను రెండు ఇళ్ళు జరపాలి" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. చుక్క ఎప్పుడూ ఒకట్ల పక్కనే ఉంటుంది, అంకెలే కుడికి రెండు కుర్చీలు జరుగుతాయి. వేల కుర్చీలోని 7 పదుల కుర్చీకి వచ్చింది, వందల్లోని 5 ఒకట్లకు వచ్చింది, పదుల్లోని 5 పదో వంతులకు వెళ్ళింది. 75.50 రూపాయలు.

ఒక రైతు కందులు కాంటా వేస్తే పన్నెండు క్వింటాళ్ళ అయిదు కిలోలు తూగాయనుకుందాం. తక్‌పట్టీ మీద ఎలా రాయాలి? కిలో అంటే క్వింటాలులో నూరో వంతు. అయిదు కిలోలు నూరో వంతుల కుర్చీలో కూర్చోవాలి. పదో వంతుల కుర్చీ ఖాళీ. కాబట్టి 12.05. తొందరలో సున్న మరచి 12.5 అని రాస్తే అది పన్నెండు క్వింటాళ్ళ యాభై కిలోలు అయిపోతుంది.

12.05 × 7,550 = 90,977.50

12.5 × 7,550 = 94,375.00

తేడా 3,397 రూపాయల యాభై పైసలు. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందనేది సున్న ఎవరు మరచిపోయారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. యాభై కిలోలు తూగినచోట ఎవరో 12.05 అని రాస్తే నష్టం రైతుది. అందుకే తక్‌పట్టీ చేతికి రాగానే మీరు పక్కన నిలబడి చదవండి. మీ నాన్నకు ఆ పూట మీ చదువు అక్కరకు వస్తుంది.

బరువులు కూడేటప్పుడు కూడా ఇదే సంగతి. మూడు మూటలు 12.5 కిలోలు, 3.75 కిలోలు, 0.125 కిలో ఉన్నాయి. కుడి అంచు చూసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే పదో వంతుల కింద నూరో వంతులూ, వాటి కింద వెయ్యో వంతులూ పడి లెక్క గందరగోళం అవుతుంది. చుక్క కింద చుక్క ఉంటే ఎవరి కుర్చీ కింద వారుంటారు. 12.500, 3.750, 0.125 కలిపితే 16.375 కిలోలు.

ఇప్పుడు మీ వంతు. ఒక రైతుకు మూడు సర్వే నంబర్లలో భూమి ఉంది. రికార్డులో అవి 1.30, 0.25, 3.05 అని ఉన్నాయి. మొత్తం ఎంత? మామూలుగా కూడితే 4.60 వస్తుంది. అరవై గుంటలు ఉండవని మీకిప్పుడు తెలుసు. 2018లో రైతుబంధు పథకం మొదలైనప్పుడు ఒక్కో పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇచ్చారు. ఆ లెక్కన ఈ రైతుకు ఎంత రావాలి? రెండు దారుల్లో చేయండి. ఎకరాలూ గుంటలూ విడివిడిగా కూడి చివర మార్చడం ఒక దారి. ముందే మూడింటినీ నిజమైన దశాంశాల్లోకి మార్చి కూడడం రెండో దారి. రెండు దారుల్లోనూ 22,000 రావాలి. 18,400 వచ్చిందంటే, గోడ చుక్కను దశాంశ బిందువు అనుకున్నారన్నమాట. మళ్ళీ మొదటి నుంచి చేయండి!